మూడో బొత్తాం

ముందే చెప్పేస్తున్నాను, నాకు రూల్సంటే గౌరవం. ఈ కథ విని నేను రూల్సుని వెక్కిరిస్తున్నానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల సంస్కారం. నా పేరు పొట్నూరు సన్యాసిరావు. విశాఖపట్నంలో సముద్రపు ఒడ్డునున్న జలాంతర ధ్వని సమాచార కేంద్రంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంటుని. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి ఏ సెలవు మిగిలింది, ఎవరి తర్వాత ఎవరు సీనియరు, ఇవన్నీ నా దగ్గరుంటాయి. సైన్సు నా దగ్గర ఉండదు. అది పక్క బిల్డింగులో ఉంటుంది.

ఆ సైన్సేమిటో నాకు తలకెక్కినంత చెబుతాను. నీళ్లలో సెల్‌ఫోను పనిచెయ్యదు. వైర్‌లెస్సూ పనిచెయ్యదు. ఆ తరంగాల్ని నీళ్లు మింగేస్తాయిట. పనిచేసేది ఒక్క చప్పుడే. కాబట్టి సముద్రం అడుగునున్న మనిషి పైవాళ్లతో మాట్లాడాలంటే మాటని చప్పుడుగా మార్చి పంపాలి. పోనీ అదైనా తిన్నగా వస్తుందా అంటే రాదు. కొంత పైకి పోయి అలలకి కొట్టుకుని, కొంత కిందకి పోయి ఇసకకి కొట్టుకుని, ఒకే మాట నాలుగు దారుల్లో నాలుగుసార్లు వచ్చి చేరుతుంది. పెళ్లివారింట్లో ఒకే కబురు నలుగురు బావమరుదులు మోసుకొచ్చినట్టు. అందులో అసలు మాట ఏదో, ప్రతిధ్వని ఏదో తేల్చడమే విద్య. ఆ విద్యలో చెయ్యి తిరిగిన మనిషి మా కేంద్రంలో ఒక్కరే, డాక్టర్ మైలపల్లి నూకరత్నంగారు.

ఆవిడ పుట్టింది జాలరిపేటలో. తండ్రి సూరన్న హార్బర్లో డైవరు. ఓడల అడుక్కి పట్టిన పాచీ, గుల్లలూ గీకే పని. నడుముకి తాడు కట్టుకుని దిగేవాడు. తాడు ఒకసారి లాగితే బాగున్నానని అర్థం. మూడుసార్లు లాగితే నన్ను పైకి లాగండని. ఒకరోజు ఆ తాడు ఓడని నడిపే అడుగు పంకాకి చుట్టుకుపోయింది. కింద సూరన్న లాగుతూనే ఉన్నాడు, పైన తాడు మాత్రం చలించలేదు. పైవాళ్లు బీడీలు కాల్చుకుంటూ, సూరన్న ఇయాల నిదానంగా చేస్తన్నాడ్రా అనుకున్నారు. చివరికి ఆయన కత్తితో తాడు కోసుకుని ఒక్క ఊపున పైకి తేలాడు. ప్రాణం దక్కింది గాని చెవులు రెండూ పోయాయి.

అప్పటికి నూకరత్నంగారు హైస్కూల్లో ఉన్నారు. తాడుతో పనిలేకుండా 'లాగండి' అని చెప్పే పెట్టె ఒకటి చెయ్యాలని అప్పుడే అనుకున్నారట. చదువు, డాక్టరేటు, మా దగ్గర ఉద్యోగం, విదేశాల్లో అచ్చయిన పేపర్లు, అన్నీ ఆ ఒక్క మాట కోసమే. జుట్టు నెరిసేసరికి పెట్టె తయారైంది. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, మీద మూడు బొత్తాలు. ఏది నొక్కితే దాని మాట ఒడ్డుకి చేరుతుంది. ఇక సముద్రంలో పరీక్ష చెయ్యడమే తరువాయి. సరిగ్గా అప్పుడే మాకు కొత్త డైరెక్టరు వచ్చారు.

డాక్టర్ చక్రవర్తుల శేషశయనంగారు. పాలసముద్రంలో పడుకునే దేవుడి పేరే గాని, ఆయనకి బీచిలో పాదం తడిస్తే జలుబు చేస్తుంది. చేరిన రోజునే అందర్నీ హాల్లోకి పిలిచి, 'సంపూర్ణ హాజరు' అనే మహోద్యమాన్ని ప్రకటించారు.

"పరిశోధన వస్తుంది, పోతుంది," అన్నారు. "హాజరు శాశ్వతం."

ఆ వాక్యం రాసుకుని నా టేబులు అద్దం కింద పెట్టుకున్నాను. ఆయన మాట మీద నిలబడ్డ మనిషి కూడానూ. చేరింది మొదలు ఒక్కరోజు సెలవు పెట్టలేదు. మేనకోడలి పెళ్లికి ఆఫీసు నుంచే అక్షింతలు పంపారు. డైరెక్టరు సెలవు పెడితే సీనియారిటీలో ఆయన తర్వాతి మనిషి ఇన్‌చార్జి అవుతారని రూలుంది. ఆ తర్వాతి మనిషి నూకరత్నంగారే. రూలు ఉంది గాని వాడే యోగం పట్టలేదు.

హాజరు ఫోన్లో వెయ్యాలి. ప్రహరీ లోపల నిలబడి ఫోనుకి మొహం చూపించాలి. ప్రహరీ దాటితే గైర్హాజరు. నూకరత్నంగారు బోటు మాట్లాడుకుని సముద్రంలోకి బయల్దేరుతుంటే నేనే గేటు దగ్గర ఆపాను.

"మీరు గైర్హాజరవుతారమ్మా."

"పని మీదే కదండీ వెళ్తన్నాను."

"పనికీ హాజరుకీ సంబంధం లేదమ్మా."

ఆవిడ నా వంక అదోలా చూశారు. వేళాకోళమాడుతున్నాననుకున్నారు గాబోలు. నేను ఆఫీసు టైములో వేళాకోళమాడను. ఇద్దరం కలిసి డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లాం.

"సముద్రంలో పరీక్ష చెయ్యాలంటే సముద్రంలోకి వెళ్లాలి కదండీ," అన్నారావిడ.

"అది పాతకాలపు ఆలోచన, డాక్టరుగారూ. సముద్రం మన ఆవరణలో లేకపోవడం మౌలిక సదుపాయాల లోటు. ఆ లోటు పూడ్చే బాధ్యత యాజమాన్యానిది," అన్నారు డైరెక్టరుగారు. అని, అక్కడికక్కడే 'సముద్ర సమీకరణ ఉపసంఘం' వేశారు.

ఉపసంఘం చాలా శ్రద్ధగా పనిచేసింది. మేడ మీది సిమెంటు ట్యాంకులో ఉప్పు బస్తాలు పోయించింది. 'సముద్రమనగా నీరు, ఉప్పు, లోతు. నీరు, ఉప్పు సమకూర్చబడినవి. లోతు పరిశీలనలో ఉన్నది' అని నివేదిక ఇచ్చింది. నూకరత్నంగారు ట్యాంకులో పెట్టె ముంచారు. చప్పుడు నాలుగు గోడలకీ కొట్టుకుని మళ్లీ ఆవిడకే వచ్చింది.

"చెంబులో దిగి ఈత నేర్చుకున్నట్టుందండి," అన్నారు.

క్యాంటీనుకి వెళ్లే పంపు కూడా ఆ ట్యాంకుదేనని ఉపసంఘానికి ఎవరూ చెప్పలేదు. ఆ వారం కాఫీ ఉప్పగా, సాంబారు మరీ ఉప్పగా ఉన్నాయి. అకౌంట్స్ ఆఫీసరుగారికి బీపీ పెరిగి ఆస్పత్రిలో చేరాక గాని ట్యాంకు ఖాళీ చెయ్యలేదు. అయితే ఆ వారమంతా నూకరత్నంగారికి హాజరు మాత్రం నూటికి నూరు శాతం పడింది. అది నేను ప్రత్యేకంగా నోట్ చేశాను.

తర్వాత ఒకరోజు ఆవిడ నా సెక్షన్‌కి వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"సన్యాసిరావుగారూ, ఆఫీసు ఆవరణ అంటే రూల్లో ఏముందండి?"

"హాజరు యంత్రం ఎక్కడుంటే అది ఆవరణమ్మా."

"ఆ యంత్రం సముద్రం అడుగునుంటే?"

రూల్సు పుస్తకం రెండుసార్లు తిరగేశాను. లోతు గురించి ఎక్కడా అభ్యంతరం లేదు. ఆవిడ లేచి తిన్నగా డైరెక్టరుగారి గదిలోకి వెళ్లి, ఈ పెట్టెతో సముద్రగర్భం నుంచి హాజరు వెయ్యవచ్చండీ అని చెప్పారు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన అలా నిలబడడం పంద్రాగస్టుకి తప్ప నేను చూడలేదు.

"మానవజాతి చరిత్రలో సముద్రం అడుగున ఎప్పుడైనా హాజరు పడిందా?"

"పడినట్టు లేదండి."

"పడుతుంది," అన్నారు డైరెక్టరుగారు.

ఏళ్ల తరబడి అడిగినా ఆఫీసు ఇప్పించని బోటు సాయంత్రానికల్లా జెట్టీకి వచ్చింది. రాని పరికరాలు వచ్చాయి, లేని బడ్జెట్టు లేచి కూర్చుంది. ప్రాజెక్టు పేరు 'జలాంతర హాజరు వ్యవస్థ'గా మారింది. నూకరత్నంగారు పేరు గురించి పట్టించుకోలేదు. పేరు ఏదైతేనేం, పెట్టె సముద్రంలోకి దిగితే చాలనుకున్నారు. అక్కడే ఆవిడ మా ఆఫీసుని తక్కువ అంచనా వేశారు.

మూడు బొత్తాలకీ ఏ మాటలు పెట్టాలో తేల్చడానికి పద నిర్ణాయక సంఘం కూర్చుంది. డైరెక్టరుగారు అధ్యక్షులు, నేను కార్యదర్శిని. మొదటి బొత్తాం 'హాజరు'. దీనికి చర్చ లేదు. రెండోదానికి ఆవిడ 'బాగున్నాను' అన్నారు.

"అది వ్యక్తిగత సమాచారం. ఆఫీసు పరికరం మీద సొంత కబుర్లు కుదరవు," అన్నారు డైరెక్టరుగారు. రెండో బొత్తానికి 'సెలవు కోరుతున్నాను' ఖాయమైంది.

"పోనీండి. మూడోది 'పైకి లాగండి'. దీని కోసమే నేను పెట్టె చేసింది," అన్నారావిడ.

డైరెక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ మాట ఎవరు ఎవరితో అంటారు?"

"కిందున్నవాళ్లు పైవాళ్లతో అంటారండి."

"అంటే కింది ఉద్యోగి పై అధికారిని ఆజ్ఞాపిస్తాడు."

నిజం చెప్పాలంటే నాకూ ఆ కోణం తట్టలేదు.

"పైకి లాగవలసిందిగా సవినయంగా ప్రార్థిస్తున్నాను, అని మార్చండి. అదీ తన పై అధికారి ద్వారా," అన్నారాయన.

"అంత పొడుగు మాట సముద్రం మొయ్యదండి. నీళ్లలో మాట ఒక్కో అక్షరంగా నిదానంగా చేరుతుంది. ఆ సవినయం ఒడ్డుకొచ్చేలోగా కిందవాడికి ఊపిరైపోద్ది."

"వినయానికి టైము లేదంటే ఇక క్రమశిక్షణ ఎక్కడిదమ్మా?"

మూడో బొత్తాం విషయం ఉపసంఘానికి వెళ్లింది. ఈలోగా పొరపాటున ఎవరూ నొక్కకుండా దాని మీద 'పరిశీలనలో ఉంది' అని స్టిక్కరు వెయ్యమన్నారు. ప్రతి పెట్టెకీ నేనే స్వయంగా అంటించాను. గట్టిగా అంటించాను. నేను చేసే పని గట్టిగానే ఉంటుంది.

పరీక్ష రోజున నూకరత్నంగారే నీళ్లలోకి దిగి మొదటి బొత్తాం నొక్కారు. నా సెక్షన్‌లో గోడకి పెట్టిన స్పీకరు గంట కొట్టి, 'హాజరు' అంది. స్పష్టంగా, ఒక్కసారే, ప్రతిధ్వనులన్నీ జల్లెడ పట్టేసి. మా హాజరు గుమాస్తా ధర్మలింగానికి ఒళ్లు పులకరించింది. పైకొచ్చాక ఆవిడ మొహంలో మాత్రం పెద్ద సంతోషం కనబడలేదు.

"ఇక హార్బరు డైవర్లకి ఇచ్చేద్దామా అమ్మా?" అన్నాను.

"లాగండి అనలేని పెట్టె మావాళ్లకెందుకండి? వాళ్లకి హాజరు వేసేవాళ్లు లేరు."

ఆ తర్వాత వారం వారం వచ్చి ఫైలు సంగతి అడిగేవారు.

"మూడో బొత్తాం ఏమైందండి?"

"కదుల్తోందమ్మా."

"ఎటు?"

ఒకసారి వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "మా అయ్య ఇప్పటికీ అడుగుతాడండి. మాట వినబడదు కదా, చేత్తో గాల్లో తాడు లాగినట్టు మూడుసార్లు లాగి, అయిందా అని చూస్తాడు. ఏం చెప్పను?"

నేను ఆ ఫైలు తీసి దుమ్ము దులిపాను. కాని దుమ్ము దులిపినంత మాత్రాన ఫైలు కదలదు.

ఇక మిగతాదంతా కదిలింది. సముద్రం అడుగున ఆవిడ ఒక పెట్టెని వదిలిపెట్టారు, అది పనిచేస్తోందో లేదో తెలియడానికి గంటకోసారి దానంతటదే 'హాజరు' అనేది. ఆదివారాల్లేవు, పండగల్లేవు. డైరెక్టరుగారు అది గమనించి దానికి ఉద్యోగి నంబరు ఇప్పించారు. గణతంత్ర దినోత్సవానికి దానికే ఉత్తమ ఉద్యోగి బహుమతి. అది పైకి రాలేదు కాబట్టి దాని తరఫున శాలువా నేను కప్పించుకున్నాను. దానికి సెలవులు పేరుకుపోతున్నాయని ధర్మలింగం బెంగపెట్టుకున్నాడు.

ఆ తర్వాత డైరెక్టరుగారికి ఫోన్ల మీద అనుమానం వచ్చింది. మొహం చూపించి ఇంటికి పోతున్నవాళ్లున్నారని తెలిసింది. "నీళ్లలో అబద్ధం చెల్లదు. సముద్ర విధానాన్ని అందరికీ వర్తింపజెయ్యండి," అన్నారు. గేటు దగ్గర సిమెంటు తొట్టి కట్టించాం. ప్రతి ఉద్యోగీ పెట్టె పట్టుకుని మోచేతి దాకా తొట్టిలో ముంచి బొత్తాం నొక్కాలి. పొద్దున్నే వంద మంది తడి చేతులు గాల్లో పెట్టుకుని ఆఫీసులోకి నడుస్తుంటే బయటి జనం ఏదో మొక్కు తీర్చుకుంటున్నారనుకునేవారు. అకౌంట్స్ ఆఫీసరుగారు ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన రోజునే చేతి గడియారంతో సహా ముంచేశారు. చేతికి కట్టున్నవాళ్లు జలమినహాయింపు కోసం డాక్టరు సర్టిఫికెట్టు తేవాల్సి వచ్చింది.

ఈ ఘనత చూడడానికి హైదరాబాదు నుంచి పరిశీలక సంఘం వస్తోందని కబురొచ్చింది. వాళ్లు చూసి ముద్ర వేస్తే పెట్టె అదే రూపంలో స్థిరపడిపోతుంది. ఎన్ని బొత్తాలకి ముద్ర పడితే అన్నే. తర్వాత బ్రహ్మదేవుడొచ్చినా మార్చడానికి వీల్లేదు. అంటే ఆ రోజులోగా మూడో బొత్తాం ఫైలు మీద సంతకం పడకపోతే నూకరత్నంగారి బతుకంతా చేసిన పని రెండు మాటల హాజరు పెట్టెగా మిగిలిపోతుంది. ఇది ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. డైరెక్టరుగారికి మాత్రం వేరే ఆలోచన వచ్చింది.

"సంఘం ఎదుట సముద్రగర్భం నుంచి నేనే స్వయంగా హాజరు వేస్తాను," అన్నారు.

పాదం తడిస్తే జలుబు చేసే మనిషి కాబట్టి ఉత్త నీళ్లలో దిగడం కుదరదు. స్టోర్సులో ఎప్పటిదో ఉక్కు గుండొకటి ఉంది. ఒక మనిషి లోపల కూర్చుంటే బోటు మీది క్రేన్‌తో దింపుతారు. బోటు సరంగు వాసుపల్లి ఎర్రయ్య. నూకరత్నంగారికి చిన్నాన్న వరస. రిహార్సల్లో పెట్టె ఒక్కటే పెట్టి దింపిన గుండుని, అది 'హాజరు' అనకముందే పైకి తీసేశాడని డైరెక్టరుగారు ఆయనకి కాయితం మీద ఉత్తర్వు ఇప్పించారు. డైరెక్టరు ఆదేశం లేనిదే గుండు పైకి తీయరాదు, తీస్తే బోటు లైసెన్సు రద్దుకి సిఫారసు చేయబడును. టైపు చేయించింది నేనే. గుండులోకి వైరుతో ఫోను వేద్దామని ఎర్రయ్య అంటే, వైరుంటే ఇక మన పెట్టె గొప్పేముందని అదీ తీయించేశారు.

ఆ రోజు డైరెక్టరుగారు స్వెట్టరు, మఫ్లరు వేసుకుని జెట్టీకి వచ్చారు. నూకరత్నంగారు ఫైలు పట్టుకుని ఎదురెళ్లారు.

"లోపలికెళ్లాక పైకి రావాలంటే ఎలా చెప్తారండి?"

"చప్పట్లు అయ్యాక చూద్దాం."

"ఒక్క సంతకం పెట్టండి సార్. ఒడ్డున కంప్యూటర్లో మాట ఇప్పుడే చేర్చేస్తాను. అది చేర్చకపోతే మూడో బొత్తాం నొక్కినా ఇక్కడ ఏమీ వినపడదు."

"శుభమా అని బయల్దేరుతుంటే లాగుడు మాటెందుకమ్మా," అని ఆయన గుండులోకి దిగారు. మూత బిగించారు. ఆవిడ బోటెక్కబోతే, సీనియరు శాస్త్రవేత్త సంఘానికి వివరణ ఇవ్వడానికి ఒడ్డునే ఉండాలని ప్రోటోకాల్ అడ్డొచ్చింది. చేసేది లేక నాతో పాటు సెక్షన్‌కి వచ్చారు.

సంఘం ఛైర్మన్‌గారూ, సభ్యులూ స్పీకరు ముందు కూర్చున్నారు. జీడిపప్పు పకోడీ వచ్చింది. ఎర్రయ్య గుండు దింపానని ఫోన్ చేశాడు. కాసేపటికి గంట మోగి స్పీకరు 'హాజరు' అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ధర్మలింగం కళ్లు తుడుచుకున్నాడు. చప్పట్లు ఆగేసరికి మళ్లీ 'హాజరు' అంది.

"డైరెక్టరుగారు రెండోసారి వేశారు సార్," అన్నాడు ధర్మలింగం. "కంప్యూటరు ఆయనకి మెమో పంపేసింది. ఒకే పూట రెండు హాజర్లు ఎందుకు వేశారో సంజాయిషీ ఇమ్మని."

'హాజరు,' అంది స్పీకరు. 'హాజరు. హాజరు.'

"ఎంత నిబద్ధత," అన్నారు ఛైర్మన్‌గారు పకోడీ అందుకుంటూ.

నూకరత్నంగారు లేచి నిలబడ్డారు. "ఆయనకేదో అయిందండి."

"ప్రతిధ్వనేమోనమ్మా," అన్నాడు ధర్మలింగం. "ఒకే మాట నాలుగుసార్లు వస్తుందని మీరే కదా అన్నారు."

"ప్రతిధ్వనిని నా పెట్టె రానివ్వదు. ఇది మనిషి నొక్కుతున్నాడు. ఒకే మాట అన్నిసార్లు అంటున్నాడంటే ఆయన చెప్పేది ఆ మాట కాదండి. వేరే మాట లేక అది అంటున్నాడు."

స్పీకరు గంట కొట్టింది. 'సెలవు కోరుతున్నాను.'

శేషశయనంగారు సెలవు అడిగారంటే అది మామూలు పరిస్థితి కాదు. నూకరత్నంగారు ఫోనందుకుని, అందరికీ వినపడేలా పెట్టి, బోటుకి కలిపారు.

"చిన్నాన్నా, గుండు లాగెయ్."

"నాకూ అనుమానంగానే ఉంది నూకాలూ. కేబులు ఊరికే కదలతంది. కాని కాయితం మీద ఆర్డరుంది కదే. లైసెన్సు పోతే ఈ బోటు మీద బతికే కుటుంబాలేం గావాలి? డైరెక్టరుగారి చేత ఒక్క మాట అనిపించు, చిటికెలో లాగేస్తాను."

గదిలో అందరం కిటికీలోంచి సముద్రం వైపు చూశాం.

"ఇన్‌చార్జి ఎవరయ్యా? వాళ్ల చేత చెప్పించండి," అన్నారు ఛైర్మన్‌గారు.

"డైరెక్టరుగారు హాజరై ఉండగా ఇన్‌చార్జి ఉండరండి," అన్నాను. "ఆయన హాజరు ఇప్పటికి తొమ్మిదిసార్లు పడింది."

'సెలవు కోరుతున్నాను,' అంది స్పీకరు. 'సెలవు కోరుతున్నాను.'

నూకరత్నంగారు నా వైపు తిరిగారు. అన్నేళ్లు మా ఆఫీసులో ఊరికే పనిచెయ్యలేదావిడ.

"సన్యాసిరావుగారూ, ఆయన సెలవడుగుతున్నారు కదా. ఇచ్చెయ్యండి."

నా బుర్రలో దీపం వెలిగింది. డైరెక్టరు సెలవు మంజూరు చేసే అధికారం పైవారిది. పైవారు ఎదురుగానే పకోడీ తింటున్నారు. నేను నిలబడే నోటు రాసి ఛైర్మన్‌గారి ముందు పెట్టాను.

"ఏ సెలవు?" అన్నారాయన.

"ఆకస్మిక సెలవు సార్."

"కారణం?"

ఒక్క క్షణం ఆలోచించాను. "సొంత పని సార్."

నూనె వేళ్లతోనే సంతకం పెట్టారు. దాని కిందే, సీనియారిటీ ననుసరించి డాక్టర్ మైలపల్లి నూకరత్నంగారు ఇన్‌చార్జి డైరెక్టరుగా వ్యవహరిస్తారని రాసి ముద్ర కొట్టాను. ఆవిడ ఫోను నోటికి దగ్గరగా పట్టుకున్నారు.

"చిన్నాన్నా, నేను ఇన్‌చార్జి డైరెక్టర్ని మాట్లాడుతున్నాను. పైకి లాగండి."

చిన్నాన్నతో ఎప్పుడూ లాగు, తియ్యి అనే మనిషి, ఆ మాట మాత్రం పెట్టెలో ఉండాల్సిన రూపంలోనే అన్నారు. అవతల క్రేన్ మోటారు మొదలైన చప్పుడు మాకు ఫోన్లోనే వినపడింది.

ఆ క్రేను ముసలిది, నిదానంగా లాగుతుంది. నేను నా బీరువా దగ్గరికి పరిగెత్తాను. నా సర్వీసులో ఫైలు పట్టుకుని పరిగెత్తడం అదే మొదలు. మూడో బొత్తాం ఫైలు తెచ్చి ఆవిడ ముందు తెరిచి పెట్టాను.

"ఇన్‌చార్జికి సంతకం చేసే అధికారం ఉంటుందమ్మా. డైరెక్టరుగారు వచ్చి మళ్లీ హాజరు వేసేదాకా."

ఆవిడ నా మొహంలోకి చూశారు. సంతకం చేశారు. కంప్యూటర్లో మాట చేర్చారు. ఫైలు ఛైర్మన్‌గారి ముందుకి జరిపాను. ఇప్పుడు మీరు ముద్ర వెయ్యాల్సింది మూడు బొత్తాల పెట్టెకండీ అని మనవి చేశాను. ఆయన ఒకసారి స్పీకరు వైపు, ఒకసారి సముద్రం వైపు చూసి ముద్ర వేశారు.

మేం జెట్టీకి చేరేసరికి గుండు మూత తీస్తున్నారు. మూత సందులోంచి నీరూరి లోపల మోకాళ్ల దాకా నిండింది. డైరెక్టరుగారు మఫ్లరు నెత్తికి చుట్టుకుని, పెట్టె గుండెలకి హత్తుకుని వణుకుతున్నారు. పెట్టె మీద నేను గట్టిగా అంటించిన స్టిక్కరు లేదు. చినిగిన ముక్కలు నీళ్లలో తేలుతున్నాయి. ఆయన గోళ్ల సందుల్లో గమ్ము ఉంది.

ఎర్రయ్య ఇచ్చిన టీ తాగాక ఆయనకి మాటొచ్చింది.

"సన్యాసిరావూ, ఆ మూడో పదం ఫైలు పట్రా. సంతకం పెడతాను."

"అయిపోయిందండి. ఇన్‌చార్జి డైరెక్టరుగారు పెట్టేశారు."

"నేనుండగా ఇన్‌చార్జి ఎవరయ్యా?"

"మీరు సెలవులో ఉన్నారండి."

ఆయన మొహం చూస్తే గుండులో పడ్డ బాధ కన్నా ఇదే ఎక్కువగా ఉన్నట్టుంది. "నా సంపూర్ణ హాజరు," అన్నారు నీరసంగా.

"సెలవు కాదంటే మీరు ఒకే పూట తొమ్మిది హాజర్లు వేసినట్టవుతుంది సార్. దానికి మెమో వచ్చి ఉంది."

డైరెక్టరుగారు సెలవే ఉంచెయ్యమన్నారు. తర్వాత నూకరత్నంగారి వైపు తిరిగారు. "నీళ్లు రాగానే ముందు ఆ మూడో బొత్తామే నొక్కానమ్మా," అన్నారు.

"తెలుసండి," అన్నారావిడ.

మర్నాడు గేటు దగ్గర తొట్టి తీసేశారు. అందులో మందారం మొక్క వేశాం. పెట్టెలు హార్బరు డైవర్ల నడుములకి చేరాయి. అయితే వ్యవస్థ మొదట హాజరు కోసం కట్టింది కాబట్టి వాళ్ల మాటలన్నీ ఇప్పటికీ నా సెక్షన్‌లో స్పీకరుకే వస్తాయి. పెట్టెలు ఇచ్చిన కొత్తల్లోనే, మేం టీ తాగుతుండగా గంట మోగింది.

'పైకి లాగండి.'

ధర్మలింగం పెన్ను తీశాడు. "సార్, ఇది హాజరు కాలమ్‌లో వెయ్యాలా, సెలవు కాలమ్‌లోనా?"

"ముందు లాగమనవయ్యా," అని నేనే ఫోనందుకుని జెట్టీకి చెప్పాను.

తాడు ఓడ పంకాకి చుట్టుకుపోయిందట. రెండో తాడు వేసి, ఇంకో మనిషి దిగి పట్టుకొచ్చారు. కుర్రవాడు పైకొచ్చి, ఇంతసేపేమిటని అందర్నీ తిట్టాడట. సూరన్న ఆ వేళ జెట్టీ మీదే ఉన్నాడు. ఆయనకి ఏం జరిగిందో వినపడదు కదా. నూకరత్నంగారు వెళ్లి ఆయన ఎదురుగా నిలబడి, చేత్తో గాల్లో తాడు లాగినట్టు మూడుసార్లు లాగి, అయింది అని తలూపారట. ఆ పెద్దాయన ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదని ఎర్రయ్య చెప్పాడు. చెబుతూ ఎర్రయ్య ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, అది భోజన విరామంలో కాబట్టి ఫరవాలేదు.

ఆ సాయంత్రం ధర్మలింగం హాజరు పట్టీలో కొత్త కాలమ్ ఒకటి గీశాడు. దానికి హెడ్డింగేం పెట్టాలని అడిగితే, చూద్దాంలే అన్నాను. అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది.